ఆ ఒక్క రూపాయి ఎవరి జేబులో ఉంది?

ముగ్గురు ఫ్రెండ్స్ పొద్దున్నే టిఫిన్ హోటల్‌కి వెళ్లారు. తినడం అయ్యాక బిల్లు 75 రూపాయలు వచ్చింది, మనిషికి 25 చొప్పున వేసుకుని సర్వర్ చేతికిచ్చారు. (లెక్క పాతది, రేట్లూ పాతవే.) సర్వర్ తీసుకెళ్లి కౌంటర్లో ఇస్తే ఓనర్ వాళ్లని చూసి, రోజూ వచ్చే కుర్రాళ్లే కదా ఓ 5 రూపాయలు తగ్గిద్దాం, వెనక్కి ఇచ్చెయ్ అని అయిదు రూపాయి బిళ్లలు చేతిలో పెట్టాడు. ఈ సర్వర్ ఏం చేశాడంటే, అయిదు బిళ్లలు ముగ్గురికి సమానంగా ఎలా పంచుతాం అనుకుని 2 తన జేబులో వేసుకుని, మిగతా 3 మనిషికో రూపాయి చొప్పున ఇచ్చేశాడు. ఇప్పుడు చూడండి, ఒక్కొక్కరు పెట్టింది 25లో 1 పోగా 24. మూడు 24లు 72. సర్వర్ దగ్గర 2. కలిపితే 74. ఇచ్చింది 75 కదా, మరి ఆ ఒక్క రూపాయి ఏమైంది?

ఈ లెక్క మీలో చాలామంది వినే ఉంటారు, వాట్సాప్‌లో ఏడాదికోసారైనా ఏదో ఒక గ్రూపులో తేలుతూనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఇదే లెక్క ముగ్గురు లాడ్జిలో రూమ్ తీసుకున్నట్టు, 30 డాలర్లు కట్టినట్టు, సామాన్లు మోసే కుర్రాడు 2 డాలర్లు ఉంచేసుకున్నట్టు చెప్తారు, 1930ల నాటికే ఇలాంటివి అక్కడ అచ్చులో ఉన్నాయి. అంటే తొంభై ఏళ్లుగా ఆ ఒక్క రూపాయి కోసం జనం వెతుకుతూనే ఉన్నారన్నమాట.

మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కూతురు, ఎనిమిదో క్లాసు చదువుతోంది, ఇది నన్ను అడిగింది. నేను అకౌంట్స్ పనిలో ఉన్నా కాబట్టి ఇట్టే చెప్పేస్తానని దాని నమ్మకం. నేను నోటితో చెప్పకుండా 75 రూపాయల చిల్లర చాప మీద పోయించి, మూడు చోట్ల కుప్పలు పెట్టమన్నా. ఓనర్ గల్లాపెట్టెలో 70, సర్వర్ జేబులో 2, ఫ్రెండ్స్ దగ్గర 3. మొత్తం 75. ఒక్క బిళ్ల కూడా పోలేదు. అది చాలాసేపు ఆ కుప్పల్నే చూసి, "డబ్బంతా ఇక్కడే ఉంది బాబాయ్, మరి లెక్కలో ఎందుకు లేదు?" అంది.

అసలు ప్రశ్న అది. ఈ పజిల్‌కి జవాబు చెప్పే చాలామంది రూపాయి పోలేదు చూశారా అని బిళ్లలు చూపించి ఆపేస్తారు. కానీ బిళ్లలు చూపించడం జవాబు కాదు, 72కి 2 కలిపినప్పుడు మనం ఎక్కడ జారామో చెప్తేనే జవాబు. అది చెప్పకపోతే వేషం మార్చుకుని ఇంకో లెక్క వచ్చినప్పుడు మళ్లీ అక్కడే పడతాం.

సరే, నిదానంగా చూద్దాం. ఫ్రెండ్స్ ముగ్గురి జేబుల్లోంచి చివరికి పోయింది 72. ఆ 72 ఎక్కడికి పోయింది? 70 ఓనర్‌కి, 2 సర్వర్‌కి. అంటే సర్వర్ జేబులో ఉన్న 2 ఆ 72 లోపలే ఉంది. లోపల ఉన్నదాన్ని బయట ఉన్నట్టు మళ్లీ తెచ్చి 72కి కలిపాం. మా ఇంట్లో తాతయ్యతో కలిపి ఆరుగురం అని చెప్పాక, ఆరుగురూ ఇంకా తాతయ్యా మొత్తం ఏడుగురు అన్నట్టు. 72కి 2 కలపకూడదు, 72లోంచి 2 తియ్యాలి. తీస్తే 70 వస్తుంది, అది ఓనర్ దగ్గరున్న డబ్బు, లెక్క అయిపోయింది.

75 రావాలని పట్టుబడితే దానికీ ఒక దారి ఉంది, 72కి ఫ్రెండ్స్ చేతికి తిరిగొచ్చిన 3 కలపాలి. అంటే సరైన లెక్కలు రెండున్నాయి. ఒకటి, మొదట పెట్టిన డబ్బు లెక్క: 75 అంటే 70, 2, 3. రెండోది, చివరికి ఖర్చయిన డబ్బు లెక్క: 72 అంటే 70, 2. పజిల్ కట్టినవాడు చేసిందేంటంటే, ఎడమవైపు రెండో లెక్కలోంచి 72 తీసుకున్నాడు, కుడివైపు మొదటి లెక్కలోంచి 75 తీసుకున్నాడు, మధ్యలో 2 పెట్టి ఇవి కలవట్లేదేంటి అని మనల్ని అడిగాడు. అవి కలవాల్సిన అవసరమే లేదు.

ఇంతవరకు చాలామంది చెప్తారు. నాకు ఇంకా ముఖ్యం అనిపించేది, ఇంత చిన్న తప్పు మనకి ఎందుకు కనిపించదు అన్నది. కారణం ఆ 74, 75కి అంత దగ్గరగా ఉండటం. అంకెలు కొంచెం మార్చి చూడండి. ఓనర్ 5 బదులు 45 తగ్గించాడు అనుకుందాం, అంటే బిల్లు 30. సర్వర్ 3 ఉంచుకుని 42 వెనక్కిచ్చాడు, మనిషికి 14. అప్పుడు ఒక్కొక్కరు పెట్టింది 11, మూడు 11లు 33, సర్వర్ దగ్గర 3, మొత్తం 36. మరి 75లో మిగతా 39 ఏదీ అని అడిగితే ఎవరూ కంగారు పడరు, అదేంటి బిల్లు తగ్గింది కదా, తిరిగొచ్చింది కదా అనేస్తారు. అదే లెక్క, అదే తప్పు, కానీ తేడా 39 అయ్యేసరికి ప్రశ్నే తప్పని ఇట్టే తెలిసిపోయింది. తేడా 1 అయితే మాత్రం ప్రశ్నని వదిలేసి రూపాయిని వెతుకుతాం.

ఇంకోటి చూడండి. ఓనర్ 10 తగ్గించాడు, సర్వర్ 7 నొక్కేసి 3 ఇచ్చాడు. ఫ్రెండ్స్ పెట్టింది మళ్లీ 72, సర్వర్ దగ్గర 7, మొత్తం 79. ఇప్పుడు డబ్బు పోలేదు, 4 రూపాయలు ఎక్కువొచ్చాయి! సర్వర్ అసలేమీ నొక్కలేదు, ఓనర్ 6 తగ్గిస్తే 6 ఇచ్చేశాడు అనుకుందాం, అప్పుడు 69కి సున్నా కలిపితే 69, మరి 6 రూపాయలు మాయం అనాలి, కానీ నిజాయితీగా ఇచ్చినవాడిని ఎవరు అడుగుతారు.

వీటన్నిటికంటే నన్ను ఆపేసిన కేసు ఇంకొకటుంది. ఓనర్ 6 తగ్గించాడు, సర్వర్ 3 ఉంచుకుని 3 ఇచ్చాడు. 72కి 3 కలపండి. 75! లెక్క సరిపోయింది. అదే తప్పు పద్ధతి, కలపకూడనిదే కలిపాం, కానీ అంకెలు అలా పడ్డాయి కాబట్టి సరిపోయింది, సరిపోయింది కాబట్టి ఎవరూ అడగరు. తప్పు లెక్క తేడా చూపించినప్పుడు పట్టుకునే అవకాశమన్నా ఉంటుంది, ఇలా అతికినట్టు సరిపోతే ఆ పద్ధతినే కరెక్ట్ అనుకుని జీవితాంతం చేస్తాం. అకౌంట్స్‌లో ఇది బాగా తెలిసిన సంగతే. చిట్టాలోంచి (రోజువారీ పద్దుల పుస్తకం) ఆవర్జాలోకి (ఖాతాల పుస్తకం) ఎక్కించి చివర్లో అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) వేస్తే రెండువైపులా టోటల్ కలిసిందనుకోండి, అంతమాత్రాన లోపల తప్పుల్లేవని కాదు, ఒక తప్పు ఇంకో తప్పుని సరిచేసి ఉండొచ్చు. ఇది కామర్స్ చదివే పిల్లలకి మొదట్లోనే చెప్తారు.

నాకు ఈ పజిల్ మీద ఇంత పట్టింపు ఎందుకంటే ఇది మా ఇంట్లో నిజంగా జరిగింది. మా అమ్మ డ్వాక్రా గ్రూపులో పుస్తకం రాసేది. పదిమంది సభ్యులు, నెలకి 100 చొప్పున పొదుపు, పది నెలలకి 10,000 అయింది. అందులోంచి ఒకావిడకి 6,000 అప్పిచ్చారు, ఆవిడ 1,500 అసలు తిరిగి కట్టింది. (వడ్డీ లెక్క విడిగా ఉండేది, దాన్ని పక్కన పెడదాం.) మీటింగ్ రోజు అమ్మ లెక్క చదివింది. ఆవిడ ఇంకా కట్టాల్సింది 4,500, చేతిలో 5,500, మొత్తం 10,000. ఇంకొకావిడ లేచి, "అదేంటక్కా, పొదుపు 10,000, తిరిగొచ్చింది 1,500, మొత్తం 11,500 ఉండాలిగా, నువ్వు 10,000కే లెక్క చెప్తున్నావు, ఆ 1,500 ఏదీ?" అంది.

ఒకసారి ఆగి మీరూ చూడండి, వినగానే న్యాయంగానే అనిపిస్తుంది. వచ్చిన డబ్బు 10,000, ఇంకో 1,500, నిజంగానే 11,500 వచ్చింది. అమ్మకి ఆ క్షణంలో నోట మాట రాలేదు, ఎందుకంటే డబ్బు మొత్తం తన ముందే పెట్టెలో ఉంది, రూపాయి తేడా లేదని తనకి తెలుసు, కానీ ఎదుటావిడ చెప్పే లెక్కలో తప్పేంటో చెప్పడం రాలేదు. మూడు వారాలు. మూడు వారాలు ఆ వీధిలో అమ్మ వెనక మాటలు నడిచాయి. డబ్బు తగ్గింది అన్న మాట వినపడగానే తీసిందెవరు అన్న మాట దాని వెంటే వచ్చేస్తుంది, లెక్క వేసిందెవరు, ఎలా వేశారు అని ఎవరూ అడగరు.

ఇది హోటల్ లెక్కే. వచ్చిన డబ్బంతా 11,500 అంటే, పోయిన డబ్బంతా కూడా చెప్పాలి, ఇచ్చిన అప్పు పూర్తిగా 6,000, చేతిలో 5,500, మొత్తం 11,500. కలిసింది. అలా కాకుండా ఇంకా రావాల్సిన బాకీ 4,500 అని చెప్తే, ఆ 4,500లోనే తిరిగొచ్చిన 1,500 తీసేశాం కాబట్టి దానికి ఎదురుగా నిలబడేది పొదుపు 10,000 ఒక్కటే. అదీ కలిసింది. ఆవిడ ఒక లెక్కలోంచి 11,500, ఇంకో లెక్కలోంచి 4,500 తీసుకుంది. ఆ 1,500 ఒకవైపు కలిపి రెండోవైపు తీసేసింది, కావాలని కాదు, ఆవిడకి దురుద్దేశం ఏమీ లేదు. చివరికి మా అన్నయ్య వచ్చి చింతగింజలతో కూర్చోబెట్టి చూపించాడు. గింజకి 500 చొప్పున 20 గింజలు పెట్టి, 12 తీసి అప్పు తీసుకున్నావిడ ఒళ్లో వేసి, అందులోంచి 3 మళ్లీ తీసుకుని, ఇప్పుడు చెప్పండి మొత్తం ఎన్ని గింజలున్నాయి అని అడిగితే అందరూ 20 అన్నారు. 23 అని ఒక్కరూ అనలేదు. తిరిగొచ్చిన 3 కొత్త గింజలు కావు, మొదటి 20లోవే.

అందుకే పూర్వం నుంచీ వ్యాపారం చేసేవాళ్లు జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు రాసుకున్నారు. ఇటలీలో లూకా పాసియోలీ అనే ఒక సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చువేసిన గణితం పుస్తకంలో అక్కడి వర్తకులు లెక్కలు రాసే ఈ పద్ధతిని వివరంగా పెట్టాడు, ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే వర్తకుల్లో వాడుకలో ఉన్నదాన్ని పుస్తకానికి ఎక్కించాడు. దాని సారం ఒకటే, ఏ రూపాయి గురించి రాసినా అది ఎక్కణ్నుంచి వచ్చింది, ఎక్కడికి వెళ్లింది అని రెండు చోట్లా రాయాలి. హోటల్ పజిల్‌ని అలా రాయడానికి ప్రయత్నించండి, 72కి పక్కన 2 రాసే చోటే దొరకదు, రెండూ ఎదురెదురు వైపులవి.

ఇప్పుడు రెండో పజిల్‌కి వద్దాం, ఇది కూడా మన దగ్గర బాగా తిరుగుతుంది. ఒకబ్బాయి అమ్మ దగ్గర 50, నాన్న దగ్గర 50 అప్పు తీసుకుని 97 పెట్టి చొక్కా కొన్నాడు. 3 మిగిలింది. అమ్మకి 1, నాన్నకి 1 ఇచ్చేసి 1 తన దగ్గర ఉంచుకున్నాడు. ఇప్పుడు అమ్మకి బాకీ 49, నాన్నకి 49, మొత్తం 98, తన దగ్గర 1, కలిపితే 99. 100లో ఇంకో రూపాయి ఏదీ?

దీనికి జవాబు మన స్కూలు పుస్తకంలో మాటల్లోనే ఉంది. ప్లస్ సంఖ్యల్ని మనం ధన సంఖ్యలు అంటాం, మైనస్ సంఖ్యల్ని ఋణ సంఖ్యలు అంటాం. ధనం అంటే డబ్బు, ఋణం అంటే అప్పు. చదువుకునేటప్పుడు అవి ఊరికే పేర్లని దాటేస్తాం కానీ, 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో కూడికలు తీసివేతలు చెప్పింది ఆ మాటలతోనే. ధనానికి ధనం కలిపితే ధనం, ఋణానికి ఋణం కలిపితే ఋణం, ధనాన్నీ ఋణాన్నీ కలిపితే వాటి తేడా, రెండూ సమానమైతే సున్నా. రాజస్థాన్‌లో ఇప్పుడు భీన్‌మాల్ అనే ఊరు ఆయన్ది.

ఆ మూడో మాట పట్టుకుని చొక్కా లెక్క చూడండి. 98 అనేది బాకీ, ఋణం. జేబులో ఉన్న 1 ధనం. ఋణానికి ధనం చేరితే తేడా వస్తుంది గానీ మొత్తం రాదు. 98లో 1 పోతే 97, అంటే అబ్బాయి నిజంగా మునిగింది 97, దానికి బదులుగా ఒంటి మీద 97 రూపాయల చొక్కా ఉంది. 100 అన్న అంకె ఇక్కడ ఇంక లేదు, అమ్మానాన్నలకి చెరో రూపాయి ఇచ్చెయ్యగానే అప్పు 98కి దిగిపోయింది. అప్పు 98 ఉంటే అందులో చొక్కాకి 97, జేబుకి 1. పైసా తేడా లేదు. ఎవరన్నా నాకు లక్ష అప్పుంది, జేబులో వెయ్యి ఉంది, మొత్తం లక్షా వెయ్యి అంటే మనం ఒప్పుకుంటామా? మొత్తం ఏంటి, దేని మొత్తం అంటాం. 98కి 1 కలిపినప్పుడు కూడా అదే అడగాలి, 99 దేని మొత్తం? దానికి పేరు లేదు. పేరు పెట్టలేని అంకె వచ్చిందంటే కూడకూడనివి కూడినట్టే. నేను ఆఫీసులో పక్కవాళ్ల షీట్ చూసేటప్పుడు కూడా మొదట అడిగేది ఇదే, ఈ టోటల్ పేరేంటి అని.

మూడోది. జేబులో 50 ఉన్నాయి. 20 ఖర్చుపెట్టా, 30 మిగిలాయి. 15 పెట్టా, 15 మిగిలాయి. 9 పెట్టా, 6 మిగిలాయి. 6 పెట్టా, 0 మిగిలాయి. ఖర్చులు కూడితే 20, 15, 9, 6 మొత్తం 50. మిగిలినవి కూడితే 30, 15, 6, 0 మొత్తం 51. ఆ ఎక్కువ రూపాయి ఎక్కణ్నుంచి వచ్చింది?

దీన్ని మళ్లీ అంకెలు మార్చే పద్ధతిలోనే విప్పొచ్చు. 50 ఒకేసారి ఖర్చుపెట్టెయ్యండి, మిగిలింది 0. రూపాయి రూపాయి చొప్పున యాభైసార్లు ఖర్చుపెట్టండి, మిగిలినవి 49, 48, 47 అలా సున్నా దాకా కూడితే 1,225 వస్తుంది. యాభై రూపాయలతో 1,225 పుట్టిందని ఎవరూ అనరు కదా, అంటే ఆ రెండో వరస కూడిక 50కి రావాలన్న నియమమే లేదు. ఖర్చులు కూడొచ్చు, ఎందుకంటే ఖర్చుపెట్టిన ప్రతి రూపాయి వేరే రూపాయి. నిల్వలు కూడకూడదు, ఎందుకంటే ఇవాళ మిగిలిన రూపాయే రేపటి నిల్వలోనూ కనిపిస్తుంది. చివర్లో ఖర్చయిన ఆ 6 రూపాయలు చూడండి, 30లో ఉన్నాయి, 15లో ఉన్నాయి, 6లో ఉన్నాయి, మూడుసార్లు లెక్కకొచ్చాయి. నాగార్జున సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, పేపర్లో ఇవాళ 590 అని, నిన్న 589 అని పడితే రెండూ కూడి 1,179 అడుగుల నీళ్లున్నాయని ఎవరైనా అంటారా? అనరు. ఎన్ని క్యూసెక్కులు ఎన్ని గంటలు వదిలారు అన్నది మాత్రం కూడొచ్చు, అది ఖర్చు లాంటిది. బ్యాంకు పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ కాలమ్ కింద టోటల్ వెయ్యకపోవడానికి కారణం ఇదే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బు పోకుండానే పోయినట్టు కనిపించినవి. కానీ డబ్బు నిజంగానే తగ్గే పజిల్ ఒకటుంది, దీన్ని కూడా వాటితో కలిపేసి ఇదంతా మాటల గారడీ అని కొట్టిపారేస్తే తప్పవుతుంది. సంతలో ఇద్దరు అక్కచెల్లెళ్లు జామకాయలు అమ్ముతున్నారు, చెరో 30 కాయలు. అక్కవి పెద్దవి, 10 రూపాయలకి 2. చెల్లెలివి చిన్నవి, 10కి 3. విడివిడిగా అమ్మితే అక్కకి 150, చెల్లెలికి 100, మొత్తం 250. ఒకరోజు అక్కకి ఒంట్లో బాలేక కాయలు చెల్లెలికి అప్పజెప్పి ఇంటికెళ్లింది. చెల్లెలు రెండు కుప్పలూ కలిపేసి, 10కి 2, 10కి 3, అంటే 20కి 5 కదా అని ఆ రేటుకి అమ్మింది. 60 కాయలు, అయిదేసి చొప్పున 12 సార్లు, 12 ఇరవైలు 240. అక్క వచ్చి నా 150 నాకిచ్చెయ్ అంది. చెల్లెలికి మిగిలింది 90. ఆ 10 ఏమైంది?

ఇక్కడ చిల్లర ఎన్నిసార్లు లెక్కపెట్టినా 240కి మించి ఉండదు. 20కి 5 అన్న రేటులో ఒక షరతు దాక్కుని ఉంది, ప్రతి అయిదింట్లో 2 పెద్దవి, 3 చిన్నవి వెళ్లాలి. అలా అమ్ముతూ పోతే 10 సార్లకి 30 చిన్న కాయలూ అయిపోతాయి, పెద్దవి 20 మాత్రమే పోతాయి. అప్పటికి వచ్చింది 200, అందులో చిన్నవాటికి 100, పెద్దవాటికి 100, అంతవరకు లెక్క అణా పైసలతో సరి. ఇక మిగిలినవి 10 పెద్ద కాయలు. ఒక్కోటి 5 చేసే కాయలు, మొత్తం 50 చెయ్యాలి. వాటిని కూడా 20కి 5 చొప్పున అమ్మితే 40. అక్కడ పోయింది 10. కాయకి 5 వచ్చేచోట 4కే ఇచ్చేసింది. చెల్లెలు తియ్యలేదు, అక్క తియ్యలేదు, కొనుక్కున్నవాళ్ల జేబుల్లో మిగిలింది. సరైన సగటు కావాలంటే 250ని 60తో భాగించాలి, కాయకి 4 రూపాయల 17 పైసల దాకా పడుతుంది, చెల్లెలు 4కి అమ్మింది.

ఇది చాలా పాత లెక్క, దీన్ని తిరగేసిన రూపం యూరప్‌లో షార్లెమాన్ చక్రవర్తి దగ్గరున్న ఆల్క్విన్ అనే పండితుడి పేరు మీద పన్నెండు వందల ఏళ్లుగా ఉంది. ఇద్దరు వ్యాపారులు 100 నాణేలు పెట్టి 2 నాణేలకి 5 పందుల చొప్పున 250 కొంటారు, బలిసినవి 125, బక్కవి 125గా విడగొట్టి, బలిసినవి నాణేనికి 2, బక్కవి నాణేనికి 3 చొప్పున అమ్ముతారు. 120 బలిసినవాటికి 60, 120 బక్కవాటికి 40, పెట్టిన 100 వచ్చేసింది, ఇంకా 10 పందులు మిగిలిపోయాయి. కొన్న రేటుకే అమ్మినట్టుంది, లాభం వచ్చింది. మన చెల్లెలు పోగొట్టుకున్నదే వాళ్లకి దొరికింది. మన వైపు కూడా ఇలా రకరకాల రేట్లు కలిసే లెక్కలు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఉన్నాయి, 100 పణాలకి 100 పక్షులు తెమ్మనే లెక్క అందులోదే. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే.

ఆఖరుగా ఒకటి, దీంట్లో జనం జవాబులు ఎంత దూరం పోతాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకడు షాపు గల్లాపెట్టెలోంచి 100 నోటు దొంగిలించాడు. కాసేపాగి అదే నోటుతో వచ్చి 70 రూపాయల సరుకు కొని 30 చిల్లర తీసుకెళ్లాడు. షాపాయనకి నష్టం ఎంత? 30 అనేవాళ్లున్నారు, 130 అనేవాళ్లున్నారు, 200 అన్నవాళ్లని కూడా చూశా. ఏ జేబులో ఎంత మారిందో చూడండి చాలు. దొంగ షాపులోంచి చివరికి తీసుకెళ్లింది 70 సరుకు, 30 నగదు. 100 నోటు పెట్టెలోకి తిరిగొచ్చేసింది. నష్టం 100. సరుకు ఆయనకి పడింది 60కే కదా అని ఎవరైనా అంటే ఆ మాట సబబే, అప్పుడు చేతిలోంచి పోయింది 90, రావాల్సిన లాభం 10 రాలేదు.

దీనికి అన్నలాంటిది దొంగనోటు లెక్క. ఒకడు దొంగ 500 నోటిచ్చి 200 సరుకు కొన్నాడు. షాపాయన దగ్గర చిల్లర లేక పక్క షాపులో ఆ నోటు మార్చి 300 వాడికిచ్చాడు. వాడు వెళ్లిపోయాక పక్క షాపాయన వచ్చి ఇది దొంగనోటు, నా 500 నాకిచ్చెయ్ అని తీసుకెళ్లాడు. నష్టం ఎంత? 1,000 అనేవాళ్లు ఎక్కువ, సరుకు, చిల్లర, పక్కాయనకి కట్టిన 500, అన్నీ కూడేస్తారు. పండక్కి ఇది కూడా మా అన్నయ్య కూతుర్ని అడిగా. అది కాగితం మీద మూడు జేబులు బొమ్మ వేసింది. పక్క షాపాయన జేబులో 500 పోయింది, 500 వచ్చింది, సున్నా అని ఆ జేబు మీద అడ్డంగా గీత కొట్టేసింది. మిగిలింది రెండే జేబులు, వాడికి వచ్చింది 200 సరుకు, 300 నగదు, అంటే ఈయనకి పోయింది 500 అంది.